విమానానికి టోకెన్ రింగు

మొన్న ఫోన్‌లో క్విజ్ ఆడుతున్నప్పుడు నువ్వు అడిగావు కదమ్మా, జవాబు తెలిసి కూడా తప్పెందుకు కొడతావవ్వా అని. చెయ్యి జారిందని చెప్పాను. జారలేదు. విమానాల ప్రశ్న వచ్చినప్పుడల్లా ముందు ఒక తప్పు జవాబు వేసి, ఆ తర్వాతే ఒప్పుది వేస్తాను. మీ అన్న అవ్వకు కళ్లు ఆనడం లేదని నవ్వుతాడు. నవ్వనీ. ఆ తప్పు జవాబు చూసి, ఈ ఆట ఆడేవాళ్లలో ఎవరైనా ఒకరు ఆగిపోతారేమోనని వేస్తాను. ఆ ఒకరు ఎవరో చెప్పాలంటే పెనుకొండ రైల్వే స్టేషన్ దగ్గర మొదలుపెట్టాలి.

మా నాయన అక్కడ బండ్లకు దారి మార్చే పాయింట్స్‌మన్. నా చిన్నప్పుడు ఆ లైనుకు ఒకటే పట్టా. ధర్మవరం నుంచి వచ్చే బండీ, హిందూపురం నుంచి వచ్చే బండీ దాని మీదే రావాలి. ఎదురెదురుగా గుద్దుకోకుండా టోకెన్ అని ఒకటి ఉండేది. అది ఇత్తడి బిళ్ల. దాన్ని తోలు సంచిలో వేసి, జల్లెడకంటే పెద్దగా ఉండే బెత్తపు రింగుకు కట్టేవారు. అది చేతికి వస్తేనే డ్రైవరు తర్వాతి స్టేషన్ దాకా బండి నడపాలి. బండి ఆగనిదైతే మా నాయన ప్లాట్‌ఫాం చివర రింగు ఎత్తి పట్టుకుని నిలబడేవాడు. ఇంజన్లోని మనిషి బయటికి వంగి చెయ్యి చాచి, రింగును మోచేతికి తగిలించుకుని వెళ్లిపోయేవాడు. చూసేవాళ్లకు గుండె దడగా ఉండేది. మా నాయనకు అది నీళ్లు తాగినట్టు.

ఆయన దృష్టిలో లోకంలో కదిలేదేదైనా టోకెన్ తీసుకునే కదలాలి. బెంగుళూరు వైపు నుంచి విమానం వచ్చి మా ఇంటి మీదుగా పోతే తలెత్తి చూసి, "టోకెన్ తీసుకోనే వచ్చింటాది" అనేవాడు.

"పైన పట్టాలు యాడుండాయి నాయనా?" అని అడిగేదాన్ని.

"కండ్లకు కనపడనంత మాత్రాన లేవంటావా? టోకెన్ లేకుండా ఎదురుబొదురు రెండొస్తే ఏమైతాది?"

"మరి వాళ్లకు టోకెన్ యాడిస్తారు?"

"దిగేకాడ. మనట్లానే ఒకడు రింగెత్తుకోని నిలబడతాడు. ముందర కూర్చున్నోడు తోలుతాంటాడు కదా, ఎనకాయన అందుకుంటాడు. ఎడం చేత్తో."

"ఎడం చెయ్యే ఎందుకు?"

"కుడి చేత్తో గట్టిగా పట్టుకోని కూర్చోవల్ల. లేకుంటే పడిపోడా?"

మా నాయన ఎప్పుడూ ఏ విమానాన్నీ దగ్గరి నుంచి చూసినవాడు కాదు. అయినా ఎంత నమ్మకంగా చెప్పేవాడంటే, మేము స్కూల్లో కూడా ఎవరితోనూ అనకుండా, వాదించకుండా ఆ మాటను మనసులో దాచుకున్నాము. మేమంటే నేనూ, నా తమ్ముడూ. మీ అమ్మకు మేనమామ, మీరు ఎప్పుడూ చూడనివాడు.

అంచు విరిగి, పనికిరాదని పక్కన పడేసిన రింగు ఒకటి నాయన ఇంటికి తెచ్చాడు. దానితో మాకొక ఆట. నాయన వాకిట్లో రింగెత్తి నిలబడేవాడు. తమ్ముడు రెండు చేతులూ రెక్కల్లాగా చాచి, నోటితో ఇంజన్ చప్పుడు చేస్తూ వీధి చివరి నుంచి పరుగెత్తి వచ్చి, ఆగకుండా ఎడం చేతికి రింగు తగిలించుకుని ఇంట్లోకి దూరిపోవాలి. కుడి చెయ్యి పెడితే విమానం కూలిపోయినట్టు. మళ్లీ మొదటి నుంచి. నా పని వీధిలో ఎద్దులబండ్లు రాకుండా చూడడం. లోపల తర్వాతి స్టేషన్ మా అమ్మ. రింగు ఆమెకు అప్పగిస్తేనే ఆట పూర్తయినట్టు. లోపల ఏం జరిగేదో నేనెప్పుడూ చూడలేదు. నా డ్యూటీ వీధిలో కదా.

తొంభైలు వచ్చేసరికి నాకు పెళ్లై, హిందూపురం టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటర్ ఉద్యోగంలో కుదురుకున్నాను. తమ్ముడు ధర్మవరంలో పట్టుచీరల అంచులకు డిజైన్లు గీసేవాడు. గళ్ల కాగితం మీద ఒక్కో గడికీ రంగు నింపి గీస్తే, దాన్ని చూసి అట్టలకు చిల్లులు కొట్టి మగ్గం మీద ఎక్కిస్తారు. వాడి చెయ్యి మంచిది. మగ్గాల యజమాని వాణ్ణి దగ్గరే కూర్చోబెట్టుకునేవాడు.

ఒకసారి వాడు గీసిన అంచుతో మొదటి చీర ఇంకా మగ్గం మీద ఉండగానే, అదే అంచున్న చీర వేరే దుకాణంలో వేలాడింది. డిజైన్ ఎవరో బయటికి ఇచ్చారు. గీసినవాడి మీదికే చూపు పోయింది. యజమాని ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని పెనుకొండకు, మా నాయన దగ్గరికే వచ్చాడు. ఆ రోజు తమ్ముడు ఇంట్లోనే ఉన్నాడు. మా అమ్మ చెప్పిన ప్రకారం, నాయన వాళ్లందరి ముందూ వాణ్ణి ఒకే మాట అడిగాడు.

"నువ్వేనా?"

వాడు అవునని అనలేదు, కాదని అనలేదు. నాయన మొఖం వైపు కాసేపు చూసి, చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. స్టేషన్ పక్కనే ఇల్లు. బండి వచ్చే వేళ. వాడు ఎటు పోయే బండి ఎక్కాడో కూడా ఎవరూ చూడలేదు.

కొన్నేళ్లకు, వాడు లేని ధర్మవరంలో మళ్లీ అదే విధంగా డిజైన్ బయటికి పోయింది. ఈసారి అట్టలు కొట్టే మనిషి దొరికిపోయాడు. మొదటిదీ తనే ఇచ్చానని ఒప్పుకున్నాడు. యజమాని మళ్లీ పెనుకొండకు వచ్చి, మా నాయన ఎదుట కింద కూర్చుని, "మీవాడు కాదప్పా" అన్నాడట. నాయన "నాకెందుకు చెప్తావబ్బా, వానికి చెప్పు" అని లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆయన ఎక్కువ కాలం బతకలేదు.

మా అమ్మకు మాత్రం ఒకటే మాట మిగిలిపోయింది. ఎవరొచ్చినా అదే చెప్పేది. "వాడు కాదని ఊరందరికీ తెలిసిపాయ. వానికొక్కనికే తెలీదు." వాడు తిరిగి వస్తే సరే, రాకపోయినా సరే, ఆ ఒక్క సంగతి వాడి చెవిన పడాలని ఆమె కోరిక.

ఆ కోరిక సంగతి నలుగురికీ తెలిసిపోవడంతో ఒక మనిషి దిగాడు. గుడిబండ వైపు మా తమ్ముణ్ణి చూశానన్నాడు. చింతపండు గోడౌన్లో లెక్కలు రాస్తున్నాడన్నాడు. మా అమ్మ ఆ మనిషిని కూర్చోబెట్టి వడ్డించింది. తిన్నన్నాళ్లు తిని, తమ్ముడికి ఇస్తానని మా నాయన శాలువా కూడా భుజాన వేసుకుని పోయాడు. మేం వెళ్లి వెతికితే గుడిబండలో అలాంటి గోడౌనే లేదు. అప్పటి నుంచి మా అమ్మ కుశలం అడిగినవాళ్లను కూడా పైకీ కిందికీ చూసేది. నేను ఆమె కూతుర్నే. పైగా ఎక్స్చేంజిలో కూర్చుని మనుషుల గొంతులు విని విని, హలో అన్నదాన్ని బట్టే అబద్ధం చెప్పబోతున్నారో లేదో పసిగట్టేదాన్ని.

తర్వాత మెషిన్లు వచ్చి ఆపరేటర్ల పని పోయింది. నన్ను బిల్లుల కౌంటర్లో కూర్చోబెట్టారు. మీ అమ్మ అప్పుడు ఇంజనీరింగ్ చదువుతూ హాస్టల్లో ఉండేది. ఫోన్ కంటే మెయిలు మేలని, సెలవుల్లో వచ్చినప్పుడు నన్ను నెట్ సెంటర్‌కు తీసుకెళ్లి నేర్పించింది. ఆ సెంటర్ నాకు కొత్తేమీ కాదు. అంతకుముందు అది ఎస్టీడీ బూతు. దాని యజమాని ఒక సాయిబు. నన్ను చూడకముందే నా గొంతు తెలిసినవాడు. "నంబర్ ప్లీజ్ అక్కవా నువ్వు" అని మొదటి రోజే నవ్వాడు. నా వయసే ఉంటుంది, అయినా అక్కా అనే పిలిచేవాడు.

మెయిలు పంపాక మీ అమ్మ జవాబు వచ్చేదాకా ఖాళీగా కూర్చోలేక ఒక ఆటలో పడ్డాను. విమానాల చరిత్ర మీద ప్రశ్నల ఆట. తెర మీద ప్రశ్న పడుతుంది, కింద జవాబులోని అక్షరాలు మెల్లగా ఒక్కొక్కటే తెరుచుకుంటాయి. యాభై ఊళ్లలో కూర్చున్నవాళ్లు ఒకేసారి ఊహించి కొడతారు. ఎవరు ఏం కొట్టినా అందరికీ కనిపిస్తుంది, తప్పైనా సరే. అందరికీ మారుపేర్లే. నాకు నంబర్ ప్లీజ్ అని మీ అమ్మే పెట్టింది. ఊరు గానీ పేరు గానీ ఎక్కడా చెప్పొద్దని హెచ్చరించింది. నాకు చెప్పాలా?

ఎన్ని సంగతులు తెలిశాయో ఆ ఆటలో. బెలూన్‌లో మనుషులకంటే ముందు గొర్రెనూ, బాతునూ, కోడిపుంజునూ ఎక్కించి పంపారట. ఎడారి మీద దారి తప్పకుండా నేల మీద మైళ్ల కొద్దీ చాలు దున్నారట, పైలట్లు ఆ గీత చూసుకుంటూ పోయేవారట. ఆ ప్రశ్నకు నేనే ముందు జవాబు కొట్టాను. కరువు సీమలో పుట్టి నాగటి చాలు తెలియకపోతే ఎలా?

ఒక సాయంత్రం ఈ ప్రశ్న పడింది. రేడియో లేని కాలంలో, దిగవచ్చని నేల మీది నుంచి పైలట్‌కు ఎలా తెలిపేవారు? అందరూ జెండా అన్నారు, మంట అన్నారు, పొగ అన్నారు. బ్లూ ఫార్టీఫోర్ అనే పేరుతో ఆడే మనిషి ఒక మాట కొట్టాడు.

టోకెన్.

జవాబు దీపం. పచ్చదీపం వెలిగిస్తే దిగవచ్చు, ఎర్రది వెలిగిస్తే దిగకుండా పైనే తిరగాలి. అది ఎవరో కొట్టేశారు, ఆట ముందుకు పోయింది. నేను మాత్రం కీబోర్డు మీద చేతులు పెట్టి అలాగే కూర్చున్నాను. ఎక్స్చేంజిలో అయితే గొంతు వినేదాన్ని. ఇక్కడ అక్షరాలకు గొంతేదీ?

ఇంటికొచ్చి మీ తాతకు చెప్పాను. ఆయన పేపర్ దించలేదు.

"రైల్వేలో పనిచేసినోళ్ల పిల్లోళ్లు ఈ దేశంలో మీరిద్దరేనా?"

"విమానాల ప్రశ్నకు టోకెన్ అని ఇంకెవరంటారు?"

"నిద్రమొఖంతో ఎవడో కొట్టింటాడు. నువ్వు దాన్ని పట్టుకోని రాత్రికి అన్నం మాడబెట్టొద్దు."

తర్వాతి వారమంతా బ్లూ ఫార్టీఫోర్ వచ్చే వేళలు గమనించాను. సాయంత్రాలే. ఎక్కువ మాట్లాడడు, మనుషుల సంగతి అడగడు. యంత్రాల ప్రశ్నలకు తడబడతాడు, విమానాల మీది రంగులూ గుర్తులూ బొమ్మగా చూపిస్తే మాత్రం అందరికంటే ముందుంటాడు. రంగులు తెలిసినవాడన్నమాట. అది నా అనుమానాన్ని పెంచింది. అలా పెరిగినందుకే నా మీద నాకు అనుమానమూ వచ్చింది. మనకు కావలసినట్టు చూసుకుంటే ఎవరిలోనైనా ఎవరైనా కనిపిస్తారు.

ఒక రోజు ధైర్యం చేసి ఇంగ్లీషులో అడిగాను. ఆ టోకెన్ ఏ చేత్తో అందుకుంటారు?

తర్వాత ఒకే మాట. ఎడమ.

ఆ రోజు ఇంటికొచ్చి చెప్పాను. మీ తాత అంతా విని, చెంబు కింద పెట్టి అన్నాడు.

"ఏమ్మే, మనిషికుండేది రెండు చేతులు. ఏదో ఒకటి చెప్పల్ల కదా. మూడో చెయ్యి ఉంటే ఆలోచించొచ్చు."

"కుడి అనొచ్చు కదా. అందరూ మొదట కుడే అంటారు."

"అందరూ కుడి అంటారని తెలిసినోడు ఎడం అంటాడు."

అంత తేలిగ్గా ఎలా మాట్లాడగలుగుతున్నాడా అనిపించింది. అప్పుడే ఇంకో ఆలోచన వచ్చింది. మా నాయన ఎడం చెయ్యి సంగతి ఈ లోకంలో మా ఇంటివాళ్లు కాక ఇంకెవరికి తెలుసు? మీ తాతకు తెలుసు. పెళ్లైన కొత్తలో నేనే చెప్పాను. ఈ మధ్య ఆయన సాయంత్రం కాగానే చెప్పులేసుకుని వాకింగ్ అంటున్నాడు. మనిషి అంతకుముందు పాల ప్యాకెట్‌కు కూడా కదిలేవాడు కాదు. స్టేషన్ రోడ్డులో ఇంకో నెట్ సెంటర్ పెట్టారు. నా మనసు కుదుటపడనీ అని ఆయనే ఈ వేషం వేస్తున్నాడేమో.

ఆదివారం ఆయన్ని బలవంతంగా నాతో తీసుకెళ్లి పక్క కుర్చీలో కూర్చోబెట్టాను.

"నాకేం పని ఈడ?"

"ఊరికే కూర్చోండి. మీ వాకింగు ఈ పొద్దు ఈ కుర్చీలో."

ఆయన ఫ్యాను కింద కునుకు తీస్తుండగానే బ్లూ ఫార్టీఫోర్ వచ్చాడు, రెండు జవాబులు కొట్టాడు. నేను మీ తాత చేతుల వైపు చూశాను. ఒళ్లో ఉన్నాయి. ఆయన ఒక కన్ను తెరిచి, "నన్నా అనుమానించింది నువ్వు?" అన్నాడు. నేను మళ్లీ తెర వైపు తిరిగాను. ఆయన దాని గురించి మళ్లీ ఎత్తలేదు, కానీ ఆ వారమంతా కాఫీ గ్లాసు ఎడం చేత్తోనే అందుకున్నాడు.

ఇక మిగిలింది సెంటర్ సాయిబు. ఆయన కౌంటర్లో కూర్చుంటే అందరి తెరలూ కనబడతాయని ఎవరో అన్నారు. పైగా నేను ఒకసారి ఆయనతో ఈ టోకెన్ సంగతి చెప్పుకుని నవ్వానేమో కూడా. దాని పరీక్ష ధర్మవరంలో దానంతట అదే జరిగింది. బంధువుల పెళ్లికి చీరలు తీసుకోవడానికి వెళ్లినప్పుడు, మిగతా ఆడవాళ్లు ఆ అంచూ ఈ అంచూ బేరమాడుతుంటే నేను తలనొప్పి అని బయటికి వచ్చి, ఆ వీధి చివర్లో ఉన్న నెట్ సెంటర్లో కూర్చున్నాను. పక్కింట్లో మగ్గం టకటకలాడుతోంది. బ్లూ ఫార్టీఫోర్ ఉన్నాడు. కౌంటర్ దగ్గరి ఫోన్ తీసుకుని, తెర మీద కన్ను పెట్టి, హిందూపురం సెంటర్‌కు కొట్టాను.

"ఏమక్కా, యాడ నుంచి?" అన్నాడు సాయిబు. గొంతు మామూలుగా ఉంది.

"ధర్మవరం నుంచి. నీ కంప్యూటర్లన్నీ పనిచేస్తాండాయా?"

"యాడక్కా, పొద్దున్నుంచి కరెంటు లేదు. ఈగలు తోలుకుంటాండా."

ఆ మాట నా చెవిలో పడుతుండగానే తెర మీద బ్లూ ఫార్టీఫోర్ జవాబు పడింది. గొంతుల విషయంలో నేను మోసపోను. ఆ మనిషి నిజమే చెప్తున్నాడు. ఫోన్ పెట్టేస్తుంటే ఆయనే అన్నాడు.

"అక్కా, మర్సిపోయినా. ఆ టోకెన్ అంటివే, నువ్వే కదా మొదట ఆటలో కొట్టింది? నన్ను పిలిచి చూపించి నవ్వితివి."

"నేనా? నేను కొట్టలేదే. ఆయన కొట్టినాకనే నీకు చెప్పింది."

"ఏమోక్కా. నాకట్ల గుర్తు."

ఆ ఒక్క మాటతో మొత్తం కదిలిపోయింది. నేనే ముందు సరదాకు కొట్టి ఉంటే, ఆ బ్లూ ఫార్టీఫోర్ నన్ను చూసి నేర్చుకుని నన్నే ఆటపట్టిస్తున్నాడేమో. ఆ ఆటలో పైకి జరిగిపోయిన మాటలు మళ్లీ కనబడవు. చూసుకునే దారి లేదు. సాయిబు జ్ఞాపకం తప్పా, నాదా? నాదే ఒప్పని నేననుకుంటాను. కానీ అలా అనుకోవడానికి నాకు కారణముంది, ఆయనకు లేదు.

పెళ్లి అయ్యాక తిరుగు బండిలో పెనుకొండలో దిగాను. అమ్మ ఇంకా రైలు కట్ట పక్కన అద్దె ఇంట్లోనే ఉండేది. స్టేషన్ క్వార్టర్ వదిలాక కూడా బండి కూత వినబడే చోటే కావాలని పట్టుబట్టి ఉన్నది. చెప్పకూడదనే అనుకున్నాను. కూర్చున్న కాసేపటికే, "ఏం దాస్తాండావు?" అంది. చెప్పేశాను.

ఆమె కళ్లు తుడుచుకుంటుందని అనుకున్నాను. చేటలోని కందిబేడలు ఏరడం ఆపకుండా, పోలీసువాళ్లు అడిగినట్టు అడిగింది.

"మొగోడా ఆడదా?"

"తెలీదమ్మా. ఆటలో అవేవీ కనపడవు."

"తెలుగా?"

"అందరూ ఇంగ్లీషులోనే కొడతారు."

"మొఖం లేదు, గొంతు లేదు, భాష లేదు. గుడిబండోనికి మొఖమన్నా ఉండె."

"ఎడం చెయ్యి అన్నాడు కదమ్మా."

"అది నీకు తెలిసిందే కదా. నీకు తెలిసింది అడిగితే నీ మాటల్లోనుంచే దొరకబట్టుకుంటారు." కాసేపు బేడలు ఏరింది. "నీకు తెలీనిది అడుగు. రింగు పట్టుకోని లోపలికొచ్చి యాడ తగిలిస్తాండెనో అడుగు. నాకూ వానికీ తప్ప ఎవురికీ తెలీదు. మీ నాయనకు కూడా."

"యాడ తగిలిస్తాండె?"

"నీకు చెప్పను."

"నాకు చెప్పకుంటే ఎట్లమ్మా?"

"నీకు తెలిస్తే వాడు తడుముకుంటాంటే నువ్వే అందిస్తావు. చిన్నప్పుడు లెక్కలు అట్లనే చెప్పిస్తివి వానికి. వాడు చెప్పింది నాకొచ్చి చెప్పు. వాడో కాదో నేను చెప్తా. వాడైతే, డిజైన్ ఇచ్చింది నువ్వు కాదని తేలిందని వానికి అప్పుడు చెప్పు. ముందే చెప్తే, వాడు కానోడు కూడా నేనే అంటాడు."

నన్ను నమ్మలేదని కోపం వచ్చింది. హిందూపురం చేరేలోపు ఆమె చెప్పినదే సరైన పద్ధతి అనిపించింది. టోకెన్ చేతికి రానిదే బండి కదలకూడదు కదా.

మూడు సాయంత్రాలు వేచి చూశాను. వాడు రాలేదు. వచ్చిన రోజున తెర మీద ఏదో విమానం తోక బొమ్మ ఉంది, అందరూ దేశాల పేర్లు కొడుతున్నారు. మధ్యలో నేను ఇంగ్లీషు అక్షరాల్లోనే, అమ్మ చెప్పిన మాటల్లోనే తెలుగు కొట్టాను. రింగు యాడ తగిలిస్తాంటివి?

కీబోర్డు మీద పడి నిద్రపోయావా అని ఎవరో అడిగారు. ఇంకొకరు నవ్వారు. తోక బొమ్మ పోయి ఇంకో ప్రశ్న వచ్చింది. దానికి బ్లూ ఫార్టీఫోర్ జవాబు కొట్టలేదు. ఆ తర్వాతదానికీ కొట్టలేదు. పేరు మాత్రం పక్కన జాబితాలో అలాగే ఉంది. నేను సాయిబును కూడా పిలవలేదు.

అప్పుడు వచ్చింది, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ఎవరు అడగమన్నారు?

తెలుగువాడే. కానీ జవాబు చెప్పలేదు, ప్రశ్న వేశాడు. గుడిబండ మనిషి కూడా అంతే, మనం ఏది అడిగినా మన నోటితోనే చెప్పించుకునేవాడు. నేను చెప్పకూడదు. అయినా, ఎవరి ప్రశ్నో చెప్పినంత మాత్రాన జవాబు చెప్పినట్టు కాదు కదా అనుకున్నాను. నాలుగు ఇంగ్లీషు అక్షరాలు కొట్టాను.

అమ్మ.

పక్క జాబితాలోంచి బ్లూ ఫార్టీఫోర్ పేరు పోయింది.

లైను పోయిందేమోనని చూశాను. ఒక్కోసారి అలా అవుతుంది, మనిషి వెంటనే మళ్లీ వస్తాడు. ఎందరో వచ్చారు, పోయారు. సాయిబు కుర్చీలు సర్దడం మొదలుపెట్టాడు. అప్పుడిక అమ్మ చెప్పిన పద్ధతి పక్కన పెట్టాను. నువ్వు కాదని తేలిపోయింది, అట్టలు కొట్టినతను ఒప్పుకున్నాడు, నాయనకు కూడా తెలుసు అని మొత్తం కొట్టి వదిలాను. ఎవరికీ అర్థం కాని ఆ మూడు మాటలు తెర మీద కాసేపు నిలబడ్డాయి. తర్వాత, మొదటిసారి సముద్రం దాటిన విమానం గురించి ఒక ప్రశ్న వచ్చి వాటిని పైకి నెట్టేసింది. అవి పైకి పోయేలోపు వాడు ఎక్కడైనా కూర్చుని, ఇంకో పేరుతోనో, ఊరికే చూస్తూనో చదివాడో లేదో.

బ్లూ ఫార్టీఫోర్ మళ్లీ ఎప్పుడూ రాలేదు. ఆట కూడా ఏడాదికో ఏమో మూతపడింది.

అమ్మకు చెబితే, "ఎవరు అడగమన్నారు అన్నాడా?" అని రెండుసార్లు అడిగింది. "అంటే యాడ తగిలిస్తాండెనో తెలిసినోడే. తెలీనోడు ఏం రింగు అంటాడు" అంది. మరుసటి నెల నేను వెళ్లేసరికి ఆమెకే దాని మీద అనుమానం వచ్చింది. "వాడే అయితే అమ్మ అంటానే పోతాడా? కాదులే. ఎవుడో దొంగనాయాలు" అంది. ఇంకోసారి వెళితే, "వాడే కాబట్టే పాయ. అప్పుడు నాయన అడిగినా ఇట్లనే కదా పాయ" అంది. ఈ రెండు మాటల మధ్య ఆమె చివరిదాకా అటూ ఇటూ తిరిగింది. నేనూ ఆమె వెనకే తిరిగాను, ఒక్కో వారం ఒక్కో వైపు.

ఆమెకు జబ్బు చేసినప్పుడు మంచం పక్కన కూర్చుని అడిగాను. "అమ్మా, ఇప్పుడన్నా చెప్పు. యాడ తగిలిస్తాండె?"

"వాడు చెప్పినాక చెప్తా" అంది. అంతే. చెప్పకుండానే పోయింది.

అమ్మ అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు, పాత క్వార్టర్‌ను కూడా ఒకసారి చూస్తానని అడిగి లోపలికి వెళ్లాను. వేరే వాళ్లెవరో ఉంటున్నారు. ఎందుకొచ్చానో చెప్పలేక, మా నాయన ఇక్కడ పనిచేసేవాడని మాత్రం చెప్పాను. ఆ ఇంటావిడ నా వెనకే నడిచింది, ఏం ఎత్తుకుపోతానో అన్నట్టు. వంటింట్లో రెండు మేకులున్నాయి. దొడ్లో గిలక లేని బావి స్తంభం ఉంది. మా కాలంలో ఎనుము, అదే మా బర్రె, కట్టేసే గుంజ ఉండిన చోట స్కూటర్ పెట్టుకున్నారు. మేకుకేనా? గిలకకా? ఎనుము కొమ్ముకా? వాడు ఆ వయసులో ఎనుము కొమ్ముకే తగిలించి ఉంటాడని నాకు అనిపిస్తుంది, అమ్మ నవ్వు ఆపుకోలేకపోయేదేమో కూడా. కానీ అది నా ఊహ. దాన్ని పట్టుకుని ఎవరినీ నమ్మలేను, ఎవరినీ కాదనలేను.

అందుకే మీ ఫోన్ ఆటల్లో విమానాల ప్రశ్న వస్తే టోకెన్ అని వేస్తాను. నువ్వు ఇదంతా మీ అన్నకు ఎలాగూ చెప్తావు కాబట్టి, ఇక మీదట ఎవరైనా ఎడమ అని జవాబిస్తే ముందు వాడినే అనుమానిస్తానని చెప్పు. ఒకవేళ వాడు కాకుండా నిజంగా ఎవరైనా ఆగి, ఎవరు అడగమన్నారు అని అడిగితే, ఈసారి నేను ఏమీ చెప్పను. జవాబు సరైనదో కాదో నాకే తెలియకపోయినా, అమ్మ అడగమన్న ఆ మాటే మళ్లీ కొడతాను.

రింగు యాడ తగిలిస్తాంటివప్పా?